చివరి అక్షరం

(తెలుగు నాటకరంగ దినోత్సవం నాడు నెల్లూరు పురమందిరంలో, అద్దంకి ప్రాంతానికి చెందిన ఒక పద్యనాటక నటి చేసిన ప్రసంగ పాఠం. ఆమె మాట్లాడినది మాట్లాడినట్టే రాశాం.)

పెద్దలకి, అక్కచెల్లెళ్ళకి, ముందు వరసలో కూర్చున్న పిల్లలకి నమస్కారం.

నాయనా, ఆ మైకు కొంచెం వెనక్కి జరుపు. మేం మైకుని నోటి దగ్గర పెట్టుకుని పాడలేదు. స్టేజీ మధ్యలో పైనించి ఒకటి వేలాడుతుండేది, తలకి రెండు జానల ఎత్తున. కరెంటు పోతే అదీ లేదు. ఆఁ, చాలు. అక్కడ ఉంచు.

ఈ పురమందిరంలో నేను మొదటిసారి వేషం కట్టింది 1974లో. రాయబారంలో ద్రౌపది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. రంగు వేసుకుని సైడు కర్టెన్ వెనక నిలబడి ఉంటే మా హార్మోనియం మాష్టారు వచ్చాడు. "అమ్మాయ్, ఇది తిక్కన సోమయాజి ఊరు. నువ్వు చెప్పబోయే మాటలకి మూలం ఆయన ఉద్యోగపర్వంలో ఉంది. ఎక్కడన్నా అక్షరం మింగావంటే పెన్న ఒడ్డున ఆయనకి తెలిసిపోద్ది" అన్నాడు. నవ్వుతూ అనలేదు. నా కాళ్ళు వణికినయ్యి. ఇయ్యాల మెట్లెక్కుతుంటే మోకాళ్ళు నొప్పెట్టి ఆగాను గానీ, ఆ వణుకు కూడా గుర్తొచ్చింది.

నన్ను పిలిచినవాళ్ళు "అమ్మా, మీ చిన్నతనం గురించి చెప్పండి, నాటకాల్లోకి ఎట్టా వచ్చారో చెప్పండి" అని అడిగారు. చెప్తాను. నాలాంటి ఆడవాళ్ళు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంతోమంది ఉండేవాళ్ళు. వాళ్ళ పేర్లు కరపత్రాల మీద అచ్చయినయ్యి. నాటకం అయిపోయిన మర్నాడు ఆ కరపత్రాల్లోనే శెట్టిగారు శనగపప్పు పొట్లాం కట్టిచ్చేవాడు. వాళ్ళ తరఫున కూడా నేను మాట్లాడుతున్నాననుకోండి.

మాది అద్దంకి పక్కన చిన్న పల్లె. నేను పుట్టేనాటికి అది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. నాయన కౌలుకి పొలం చేసేవాడు. అమ్మ పొగాకు కాలంలో ఆకు గ్రేడింగుకి పోయేది. పొద్దు పొడవకముందు పోతే దీపాలు పెట్టాక వచ్చేది. చీర నిండా పొగాకు వాసన. ఆ వాసన లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

నాయనకి చదువు లేదు. వేలిముద్ర మనిషి. అరక వెనక నడుస్తా పద్యాలు పాడేవాడు. పుస్తకం చూసి నేర్చినవి కావు, రాత్రిళ్ళు నాటకాలు చూసి చెవినబెట్టుకున్నవి. జెండాపై కపిరాజు పద్యం మొదలుపెడితే పక్క చేలో అరక దున్నే ఆయన రెండో పాదం అందుకునేవాడు. ఆయనకీ చదువు లేదు. ఇద్దరూ ఎక్కడా గణం తప్పేవాళ్ళు కాదు. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం మీద తరువోజ అనే ఛందంలో పద్యం ఉందని, 848 నాటిదని, తెలుగులో మనకి దొరికిన మొదటి పద్యాల్లో అదొకటని పెద్దయ్యాక మాష్టారు చెప్పాడు. పదకొండు వందల ఏళ్ళ కింద రాతి మీద పద్యం చెక్కించిన ఊరి పక్కన, చదువు రాని మా నాయన పద్యం పాడుకుంటా దుక్కి దున్నాడు. నాకు అది చాలా పెద్ద సంగతి. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తది.

1963లో మా ఊరి రామాలయం దగ్గర శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర నాటకం పెట్టారు. తెనాలి నించి ఆర్టిస్టులు వచ్చారు. లోహితాస్యుడు వేషానికి తీసుకురావాల్సిన పిల్లాడికి జ్వరం వచ్చిందట. సాయంత్రం నాటకాల కాంట్రాక్టరు వీధి వెంట తిరుగుతా పిల్లల్ని చూస్తున్నాడు. మా నాయన నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆయన ముందు నిలబెట్టాడు. "ఆడపిల్లయితే ఏందయ్యా, పంచె కడితే పిల్లాడే" అన్నాడు. నాకు తొమ్మిదేళ్ళు. జుట్టు ముడేసి, మీద చిన్న కిరీటం పెట్టి, జింకు పౌడరు నూనెలో కలిపి ముఖానికి పూశారు. చల్లగా ఉండింది. రెండు రూపాయలు ఇస్తామన్నారు.

లోహితుడికి మాటలు తక్కువ. అమ్మ కొంగు పట్టుకుని నడవాలి, ఏడవాలి, దర్భలకి పోవాలి, పాము కరిస్తే పడిపోవాలి. అదంతా బాగానే చేశాను. కాటి సీను మొదలయ్యేసరికి రాత్రి మూడు దాటింది. చంద్రమతి ఒళ్ళో శవమై పడుకోవాలి. పొద్దుట్నించీ నిద్ర లేదు, ఆమె ఒడి మెత్తగా ఉంది, పెట్రోమాక్సు లైటు బుస్సుమంటా జోల పాడినట్టుంది. నేను నిజంగానే నిద్రపోయాను.

ముఖం మీద వెచ్చగా ఏదో పడితే మెలకువ వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే పైన ఆమె ముఖం. కాటుక కారిపోతా ఉంది. గొంతు మాత్రం చెదరడం లేదు, పద్యం సాగిపోతానే ఉంది. ఆమె కన్నీళ్ళు నా ముఖం మీద పడుతున్నయ్యి. నాకు ఆమె ఎవరో, అది ఏ చోటో తెలియలేదు. మా అమ్మకి ఏదో అయిందనుకున్నాను. బావురుమన్నాను.

శవం ఏడ్చింది. ఆమె తడబడలేదు. కొంగు లాగి నా ముఖం మీద కప్పి, అరచేత్తో నోరు మూసి, నా ఏడుపుని తన ఏడుపులో కలిపేసుకుని పద్యం పూర్తి చేసింది. పందిట్లో ఒక్కరూ గమనించలేదు. తెర పడ్డాక నన్ను కొడతారని మూలకి నక్కాను. ఆమె వచ్చి పక్కన కూర్చుని, కొబ్బరినూనె గుడ్డతో నా రంగు తుడిచింది. "శవం ఏడవకూడదు తల్లీ. అయినా నా పద్యం నిన్ను నిద్రలేపి ఏడిపించిందంటే ఈ రాత్రికి నాకు ఇంతకన్నా ఏం కావాలి" అంది. ఇంతమంది పెద్దలతో వేషాలు కట్టాను, నాకు దొరికిన మెప్పుల్లో మొదటిదీ పెద్దదీ అదే. మళ్ళీ ఆమెని చూడలేదు.

అమ్మకి ఇష్టం లేదు. "ఒక్క రాత్రికి సరే. ఇంక మళ్ళీ వద్దు. రేపు దాన్ని నాటకాలామె అంటారు" అని నాయనతో మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మాట అమ్మ ఎందుకందో నాకు తెలియడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నాయన నన్ను అద్దంకిలో హార్మోనియం మాష్టారు దగ్గరికి తీసుకుపోయాడు. మాష్టారు ఒక పద్యం పాడమన్నాడు. పాడాను. "గొంతు ఉందయ్యా, అక్షరం లేదు" అన్నాడు. ఆర్నెల్లు హార్మోనియం పెట్టె మూత తీయలేదు. పెద్దబాలశిక్ష ముందు పెట్టి చదివించాడు. మా ఇంట్లో ష, శ ఒకటే. ణ లేదు. ఒత్తులన్నీ గాలికి పోతయ్యి. భీముణ్ణి బీముడు అంటాం. "నువ్వు బయట ఎట్టా మాట్లాడినా నాకు పనిలేదు. మీ అమ్మతో మీ అమ్మ మాటే మాట్లాడు. పద్యం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం చెప్పులు బయట విడిచినట్టు అది బయట విడిచిరా" అనేవాడు.

ఆ తర్వాత పద్యాన్ని వచనంలో చెప్పించేవాడు. ఎవరు, ఎవరితో, ఎందుకు అంటున్నారు. అన్వయం కుదిరిందాకా రాగం మాట ఎత్తనిచ్చేవాడు కాదు. అది కుదిరాక గణాలు, యతి. యతి దగ్గర విరవాలా, అర్థం దగ్గర విరవాలా అని అడిగేవాడు. రెండూ ఒకచోట పడవు గదా, అప్పుడేం చేస్తావు? నాకు తెలియక నిలబడితే, "యతి చెవికి తెలియాలి, అర్థం మనసుకి తెలియాలి. గొంతు ఆపకు, బరువు మార్చు" అని పాడి చూపించేవాడు. ఇదంతా అయ్యాక రాగం. పద్యంలో ఉన్న బాధకి ఏ రాగమో అది. మోహన బాగా వచ్చుగదా అని ఏడుపు పద్యానికి మోహన కడితే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాడు.

ఇక్కడున్న పిల్లలకి ఒక్కటి గట్టిగా చెప్పాలని వచ్చాను. ఎండాకాలం గుండ్లకమ్మ ఏరు ఎండిపోతే ఇసకలో నన్ను ఒక గట్టున నిలబెట్టి ఆయన దూరంగా పోయేవాడు. చేతిలో ఎర్ర తువ్వాలు. నేను పద్యం పాడాలి. పద్యంలో చివరి అక్షరం వినపడితే తువ్వాలు పైకెత్తేవాడు. వినపడకపోతే ఎత్తడు. పద్యమంతా గాలిలో తేలిపోయినా, ఆ చివరి అక్షరం పడిపోతే తువ్వాలు కిందే ఉండేది. నేను మళ్ళీ పాడాలి. ఒకరోజు పదిహేడుసార్లు పాడాను. కడుపు మండి ఇసకలో కూర్చుని, ఒక్క అక్షరం కోసం ఇంత చంపుతున్నావేందయ్యా అని ఏడ్చాను.

వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇస్తా అను" అన్నాడు. అన్నాను. "ఇస్తాను అను." అన్నాను. "ఇస్తాడు అను. ఇవ్వను అను. ఇవ్వనా అను." అన్నీ అన్నాను. "ఏది మారింది?" అన్నాడు. చివరే మారింది. "తెలుగులో మాట ముడి చివర ఉంటది అమ్మాయ్. ఇస్తానన్నాడో ఇవ్వనన్నాడో అక్కడే తెలుస్తది. మనిషికి ఊపిరి అయిపోయేది కూడా అక్కడే. ఊపిరి లేదని అక్కడ వదిలేస్తే, అంతసేపు పాడింది ఎందుకు? వెనక ఎద్దుబండి మీద కూర్చుని చూసే ముసలామె అంత దూరం నించి వచ్చింది ఆ ముడి విప్పి చూసుకుందామని" అన్నాడు.

అప్పట్నించీ నేను ఊపిరిని చివర్నించి వెనక్కి లెక్కపెట్టుకునేదాన్ని. ముందు చివరి పాదానికి ఎంత కావాలో పక్కన పెట్టుకుని, మిగిలింది మిగతా పాదాలకి పంచేదాన్ని. ఇంట్లో బియ్యం కూడా అమ్మ అట్టానే కొలిచేది, నెలాఖరుకి ముందు తీసి పెట్టి.

ఆడపిల్లకి ఆడవేషం నేర్పడం ఇంకో కథ. మీకు విచిత్రంగా ఉంటది. మాష్టారు కుర్రతనంలో స్థానం నరసింహారావుగారి వేషాలు చూసినవాడు. స్థానంవారు బాపట్లలో పుట్టిన మనిషి, సత్యభామ, చింతామణి, రోషనార వేషాలు కడితే ఆడవాళ్ళు కూడా ఆయన నడక చూసి నేర్చుకోవాలని చెప్పుకునేవాళ్ళు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. తులాభారంలో మీరజాలగలడా పాట ఆయన తనకోసం తానే రాసుకున్నాడు. ఆయన కన్నా ముందు మన ప్రకాశం పంతులుగారు కూడా కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. వాళ్ళమ్మగారు ఒంగోల్లో పూటకూళ్ళు నడిపి పిల్లల్ని పెంచిన రోజులవి. ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు ఆ పిల్లాణ్ణి చేరదీసి రాజమండ్రి తీసుకుపోయారు, చదువూ నాటకమూ రెండూ అక్కడ సాగినయ్యి. తుపాకీకి ఎదురు నిలబడి రొమ్ము చూపించిన ఆ మనిషి, ఒకప్పుడు కాలికి గజ్జె కట్టి తల వంచుకుని నడిచాడంటే నాకెంతో ఇష్టం.

సురభివాళ్ళ సంగతి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టిన కుటుంబం, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళే వాళ్ళ నాటకాల్లో వేషాలు కట్టారు. మన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి వేసిన కమలాబాయి ఆ ఇంటి పిల్లే. మిగతా సమాజాల్లో మాత్రం చాలాకాలం ఆడవేషం మగవాళ్ళదే.

దీనివల్ల ఏమైందంటే, స్టేజీ మీద ఆడది ఎట్టా నడవాలి, ఎట్టా సిగ్గుపడాలి, ఎట్టా అలగాలి, ఇవన్నీ మగవాళ్ళు తయారుచేసి పెట్టారు. తర్వాత మేం వచ్చాం. మేం ఆడవాళ్ళమే. మమ్మల్ని చూసి "స్థానంవారి సత్యభామలో ఉన్న ఆడతనం ఈమెలో లేదు" అన్నారు. నేను నా చెవులతో విన్నాను. మాష్టారిని అడిగాను, ఏం చెయ్యమంటావని. "ఆయన చూసి నేర్చుకున్నాడు. నువ్వు కూడా చూసి నేర్చుకో. నువ్వు ఆడదానివైనంత మాత్రాన నీకు సత్యభామ తెలుసని అనుకోకు" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. తర్వాత ఆ మాట పట్టుకునే చంద్రమతి వేషం నిలబెట్టుకున్నాను. మా ఊళ్ళో పిల్లాడు పోయినప్పుడు ఒక తల్లి ఏడవడం చూశాను. ఆమె గుండెలు బాదుకోలేదు. పిల్లాడి కాలికున్న మట్టి చీరతో తుడుస్తా కూర్చుంది. ముప్పై ఏళ్ళు కాటి సీనులో నేను లోహితుడి కాలి మట్టి తుడిచాను. ఏ పుస్తకంలోనూ లేదు అది.

చంద్రమతి నాకు 1971లో దొరికింది. పొదిలి వైపు ఒక ఊళ్ళో నాటకం. నేను మాతంగకన్య వేషానికి పోయాను. చంద్రమతి కట్టాల్సిన ఆమెకి బస్సు తప్పిపోయింది, రాత్రి పది దాటినా రాలేదు. జనం ఈలలేస్తున్నారు. హరిశ్చంద్రుడు కట్టే పెద్దాయన నన్ను చూసి "పద్యాలు వచ్చా?" అన్నాడు. "ఎనిమిదేళ్ళుగా వచ్చు" అన్నాను. చీర మార్చారు. వారణాసి సీనులో ఒక పద్యం ఎత్తుగడ మర్చిపోయాను. బుర్రలో ఏమీ లేదు. ఆయన నా ముఖం చూసి గ్రహించి, "దేవీ, దుఃఖభారమున నీ కంఠము పెగలకున్నదా" అని తన సొంత మాట అందుకుని, నాలుగడుగులు నా వైపు నడిచాడు. ఆ నాలుగడుగుల్లో మాష్టారు హార్మోనియం మీద ఎత్తుగడ స్వరాలు మెల్లగా పలికించాడు. స్వరం వెంటే పద్యం వచ్చింది. జనం వన్స్ మోర్ అన్నారు. వాళ్ళకి అది నాటకంలో భాగమే. స్టేజీ మీద ఒకరి పద్యాన్ని ఇంకొకరు మోసుకుంటం. అది తెలియనివాడు ఎంత పాడగలిగినా నాటకానికి పనికిరాడు.

కాటి సీనులో జాషువాగారి శ్మశానవాటి పద్యాలు ఆ పెద్దాయన పాడుతుంటే నేను తెర పక్కన కూర్చుని వినేదాన్ని. అవి బలిజేపల్లివారు రాసిన హరిశ్చంద్ర నాటకంలోవి కావు, తర్వాత చేరినయ్యి. ఇయ్యాల ఆ పద్యాలు లేని కాటి సీను జనం ఒప్పుకోరు. ఊరి బయట ఉంచిన మనుషుల బాధ తెలిసిన కవి రాసిన పద్యాలు ఊరి మధ్య రాములవారి పందిట్లో మోగుతుంటే నాకు ఎప్పుడూ గొంతు పట్టుకునేది.

ఇంక మిగతా ముప్పై ఏళ్ళు. నైటుకి నలభై రూపాయలతో మొదలుపెట్టాను. అదే నైటుకి హరిశ్చంద్రుడికి నూటయాభై. పద్యాల లెక్క చూస్తే నాకూ తక్కువేం లేవు. అడిగితే, "జనం ఆయన్ని చూడటానికి వస్తారమ్మా" అనేవాళ్ళు. పైన చదివింపులు వచ్చేవి. ఫలానా వారు చంద్రమతి పాత్రధారిణికి ఐదు రూపాయలు చదివించారని మైకులో చెప్పేవాళ్ళు. ఆ ఐదు రూపాయల కోసం పద్యం మధ్యలో ఆపి దణ్ణం పెట్టాలి. ఒళ్ళో పిల్లాడి శవం ఉంటది, దణ్ణం పెట్టాలి. నేను కాటి సీనులో పెట్టనని చెప్పాను. రెండు ఊళ్ళ వాళ్ళు మళ్ళీ పిలవలేదు. తర్వాత పిలిచారు.

ట్రంకు పెట్టె మోసుకుంటా సాయంత్రం బస్సెక్కితే రాత్రి ఎనిమిదికి ఊరు. ఎవరో ఒకరి వసారాలో అన్నం పెట్టేవాళ్ళు. పదింటికి మొదలైతే తెల్లవారి పక్షులు లేచేదాకా. పొద్దున్నే రంగు సరిగ్గా కడుక్కోకుండానే ఇంకో బస్సు. శివరాత్రికి మొదలై, ఫాల్గుణంలో సింగరకొండ తిరునాళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, అట్టా వానలు పడిందాకా. సంవత్సరంలో ఆ నాలుగు నెలల సంపాదనే పన్నెండు నెలలకి. పొగాకుకి రేటు వచ్చిన ఏడాది ఊరూరా నాటకమే, రేటు పడిపోతే మా ట్రంకు పెట్టె అటక మీదే. మా బతుకు కూడా బ్యారన్లో, అంటే పొగాకు కొట్టంలో ఎండే ఆకుతో ముడిపడి ఉండేది. 1979 మే నెలలో మన ఒంగోలు, నెల్లూరు తీరాన్ని తుఫాను కొట్టినప్పుడు ఒప్పుకున్న ఆటలన్నీ పోయినయ్యి. ఎవర్ని అడుగుతాం? పందిళ్ళు వేయాల్సినవాళ్ళకే కప్పులు లేవు.

ఒక కాంట్రాక్టరు ఒక సీజనంతా మాతో ఆడించి డబ్బులివ్వకుండా పోయాడు. పేరు ఎందుకులెండి. మగ ఆర్టిస్టులు వాళ్ళింటి మీదకి పోయి కొంత రాబట్టుకున్నారు. మేం నలుగురం ఆడవాళ్ళం పోలేకపోయాం. పోతే ఊళ్ళో ఏమంటారోనని. ఆ డబ్బు కన్నా ఆ భయం ఎక్కువ బాధ.

చింతామణి గురించి చెప్పకుండా దిగిపోతే నేను నిజం చెప్పినట్టు కాదు. పన్నెండేళ్ళు ఆ వేషం కట్టాను. కాళ్ళకూరి నారాయణరావుగారు రాసింది సంస్కరణ నాటకం. ఆయన వరవిక్రయం కూడా అట్టాంటిదే, కట్నాల మీద. ఆ వరవిక్రయాన్ని 1939లో సినిమా తీస్తే అందులో కాళింది వేసింది మన ఒంగోలు పక్క దొడ్డవరంలో పుట్టిన భానుమతిగారు. ఆమెకి అదే మొదటి సినిమా. చింతామణి పుస్తకం మీరు చదవండి. అందులో చింతామణి చదువుకున్న మనిషి. తల్లి శ్రీహరి నెట్టిన దారిలో నడుస్తా, ఆ దారి తప్పు అని తెలిసి, చివరికి బయటపడుతుంది. బిల్వమంగళుడి కళ్ళు కూడా తెరిపిస్తుంది. అతని భార్య రాధ గురించి తలుచుకుని సిగ్గుపడుతుంది.

స్టేజీ మీద ఏం జరిగింది? చింతామణి ఇంటికి వచ్చే వ్యాపారి సుబ్బిశెట్టి సీను పెరిగింది. పుస్తకంలో లేని మాటలు ఊరికొకటి చేరినయ్యి. జనం నవ్వుతున్నారని ఇంకా చేర్చారు. ఆ సీను గంటన్నర ఆడితే చింతామణి మారే సీనుకి పావుగంట మిగిలేది. అప్పటికి తెల్లారేది, జనం చాపలు చుట్టుకుని లేచేవాళ్ళు. ఆమె పడిపోయిన సంగతి అందరూ చూశారు, లేచిన సంగతి ఎవరూ చూడలేదు. మాష్టారి మాటే గుర్తొచ్చేది నాకు. చివర వదిలేశారు. ముడి విప్పకుండా వదిలేశారు.

నేను ఒప్పుకునేముందు ఒక షరతు పెట్టేదాన్ని. చివరి సీను రాత్రి రెండింటికల్లా రావాలి, పద్యాలు కొయ్యకూడదు. ఒప్పుకున్నవాళ్ళు ఉన్నారు, మాట తప్పినవాళ్ళూ ఉన్నారు. ఎదురుగా వేషం కట్టినవాడు పుస్తకంలో లేని బూతు మాట అంటే నేను జవాబు చెప్పేదాన్ని కాదు. నా తర్వాతి పద్యం ఎత్తుకునేదాన్ని. జవాబు లేకపోతే ఆ మాట అక్కడే చచ్చిపోతది.

2022 జనవరిలో ప్రభుత్వం చింతామణి ఆటని నిషేధించింది. ఒక కులంవాళ్ళని ఇన్నేళ్ళు నవ్వులపాలు చేశారన్నది నిజం. వాళ్ళ పిల్లలు బళ్ళో ఆ పేరుతో ఏడిపించబడ్డారు. ఆ బాధ నాకు తెలుసు, నా కూతుర్ని బళ్ళో చింతామణి కూతురన్నారు. నాటకం ఆగిపోయిందంటే ఒక పక్క నాకు ఊరటే. ఇంకో పక్క, కాళ్ళకూరివారు రాసిన ఆ ఆడమనిషి ఏ తప్పూ చేయకుండా ఆ మాటల కింద పడి పోయిందే అని దుఃఖం. రెండూ ఉన్నయ్యి. ఒకటి చెప్పి ఒకటి దాచలేను.

కూతురి సంగతి వచ్చింది గనక చెప్తాను. 1993లో సంబంధం చూశాం. పిల్ల నచ్చింది, జాతకాలు కలిసినయ్యి. లేచి పోయేముందు పిల్లాడి మేనత్త మా గోడ మీద ద్రౌపది వేషంలో ఉన్న నా ఫోటో చూసింది. "ఓహో, నాటకాలామె కూతురా" అంది. అంతే, కబురు రాలేదు. మా అమ్మ అప్పటికి మంచంలో ఉంది. నా వైపు చూసింది, ఏమీ అనలేదు. తొమ్మిదేళ్ళప్పుడు నాయనతో మూడు రోజులు ఎందుకు మాట్లాడలేదో ఆ సాయంత్రం తెలిసింది. ఫోటో తీసేద్దామని కుర్చీ ఎక్కాను. నా కూతురు చెయ్యి పట్టుకుని దించింది. "ఆ ఫోటో చూసి పోయేవాళ్ళు పోనీయమ్మా" అంది. ఆ ఫోటో ఇంకా అక్కడే ఉంది. దాన్ని చూసి నమస్కారం పెట్టిన ఇంట్లోనే ఇయ్యాల నా కూతురు ఉంది.

తర్వాత టీవీలు వచ్చినయ్యి, తిరునాళ్ళ ప్రభల మీద రికార్డింగు డాన్సులు వచ్చినయ్యి. పూర్తి నాటకం పోయి సీన్లు మిగిలినయ్యి. ఒకే రాత్రి రాయబారంలో పడకసీను, హరిశ్చంద్రలో కాటి సీను, అటునించి ఇంకో సీను. కృష్ణుడికి రథం సిద్ధమయ్యేలోపు పక్కన హరిశ్చంద్రుడు కిరీటం విప్పి కంబళి కప్పుకుంటుండేవాడు. 2004లో నేను ఆపేశాను.

ఇప్పుడు వారానికి రెండు రోజులు ఒక పదకొండేళ్ళ పిల్ల మా ఇంటికి వస్తది. వాళ్ళమ్మ కూడా పొగాకు గ్రేడింగుకే పోతది. ఆ పిల్ల ఫోన్లో పాట విని నిమిషంలో పాడేస్తది. ఆర్నెల్ల నించి బాలశిక్ష చదివిస్తున్నాను. కోపంగా ఉంది నా మీద. అదిగో, మూడో వరసలో కూర్చుంది. గుండ్లకమ్మ ఎండాకాలం అప్పట్లా లేదు, మిల్లు వెనక ఖాళీ స్థలంలో నిలబెడుతున్నాను. తువ్వాలు మాత్రం ఎర్రదే.

ఒక పద్యం పాడమని చీటీ పంపారు. తిక్కనగారి ద్రౌపది మాట ఒకటి పాడతాను. కృష్ణుడు సంధికి బయల్దేరబోతున్నాడు. ధర్మరాజూ భీముడూ శాంతి అంటున్నారు. ఆమె తన జుట్టు చూపించి అడుగుతున్నది, వరమున బుట్టితిని, భరతవంశంలో అడుగుపెట్టాను, పాండురాజు కోడల్ని అయ్యాను, నాకు ఈ గతి ఏందని. డెబ్బై దాటిన గొంతు, ముందు ఎట్టా ఉన్నా చివర వినండి.

అమ్మాయ్, నువ్వు లేచి ఆ వెనక తలుపు దగ్గరికి పో. ఇంకా వెనక్కి. ఆఁ, అక్కడ నిలబడు. వినపడితే చెయ్యెత్తు. వినపడకపోతే ఎత్తబాక, నేను మళ్ళీ పాడతాను.

నాయనా, హార్మోనియం మీద శ్రుతి ఐదు ఇవ్వు. ఐదున్నర వద్దు, ఇప్పుడు ఐదే.